కగుయా రెండో సీజన్‌కి తిరిగి వెళ్తున్నారా? ఇలా మొదలుపెట్టండి

బడిలో విద్యార్థి సంఘం నడిపే కగుయా, షిరోగానెల ప్రేమకథ ఇది, జపాన్ అనిమే (బొమ్మల సీరియల్). దాని మొదటి సీజన్ చూసి ఏడాదో రెండేళ్లో అయి ఉంటుంది. చివర్లో ఆకాశమంతా బాణసంచా వెలుగుతుంటే కగుయా దాన్ని చూడకుండా పక్కనున్న షిరోగానె ముఖాన్నే చూస్తూ ఉండిపోవడం మాత్రం కళ్లముందే ఉంది. మిగతాదంతా మసక. రెండో సీజన్ నొక్కబోయి, "ఇంతకీ వీళ్లిద్దరూ ఎక్కడిదాకా వచ్చారు?" అని ఆగిపోయారా? అయితే ఇది మీకోసమే.

ముందుగా ఒక్క మాట. ఫైటింగ్ ఉన్న అనిమేలో మనం మర్చిపోయేవి సంఘటనలు. ఎవరు చచ్చిపోయారు, ఎవరికి ఏ శక్తి వచ్చింది లాంటివి. అవి ఎవరిని అడిగినా రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. ప్రేమ, హాస్యం కలిసిన కథలో మనం మర్చిపోయేది ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరం. ఎంత దగ్గరికొచ్చి ఆగారు, ఏ మాట గొంతుదాకా వచ్చి వెనక్కి పోయింది, ఎవరు ఎవర్ని చూసి తల తిప్పుకున్నారు, ఇదంతా. అది ఒకరు చెబితే తెలిసేది కాదు. అందుకే కింద చెప్పే పనులన్నీ ఆ దూరాన్ని మళ్లీ పట్టుకోవడం కోసమే.

ఏది రెండో సీజనో సరిచూసుకోండి

ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ కగుయా విషయంలో పొరపడడం చాలా తేలిక. జపనీస్‌లో మొదటి సీజన్ పేరు "కగుయా-సామా వా కొకురసెతాయ్". రెండో సీజన్ పేరూ అదే, మధ్యలో ఒక ప్రశ్నార్థకం వచ్చి చేరిందంతే. మూడోదానికి మాత్రం "అల్ట్రా రొమాంటిక్" అని తోక ఉంటుంది. కాబట్టి పేరు చూసి కాదు, సంవత్సరం చూసి ఎంచుకోండి. మొదటిది 2019 జనవరి నుంచి మార్చి వరకు, 12 ఎపిసోడ్లు. రెండోది 2020 ఏప్రిల్ నుంచి జూన్ వరకు, ఇదీ 12. మూడోది 2022 ఏప్రిల్ నుంచి జూన్ వరకు, 13. ఇదే కథతో మనుషులు నటించిన సినిమాలు కూడా జపాన్‌లో వచ్చాయి. అవి వేరే దారి, ఇప్పుడు వాటి జోలికి పోవద్దు.

పేరు దగ్గర ఇంకొంచెం ఆగుతాను, ఎందుకంటే కథంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. "కొకురు" అంటే మనసులో ఉన్నది ఎదుటివాళ్లకి చెప్పేయడం. జపాన్ కాలేజీల్లో, బడుల్లో ఇద్దరు జంట కావడం మామూలుగా ఈ చెప్పడంతోనే మొదలవుతుంది. "నువ్వంటే నాకిష్టం, నాతో ఉంటావా" అని ఒకరు నోరు తెరిచి అడగాలి, రెండోవాళ్లు ఒప్పుకోవాలి. ఇక "కొకురసెతాయ్" అంటే ఎదుటివాడి చేత చెప్పించాలని ఉండడం. చూడండి, తెలుగులో "చెప్పించు" అంటే సరిపోతుంది. చేయించు, తినిపించు, చెప్పించు అని మనం ఒక చిన్న ప్రత్యయంతో చేసే పని జపనీస్ కూడా అలాగే ఒక ప్రత్యయంతో చేస్తుంది. ఇంగ్లిష్‌లో ఇదే చెప్పాలంటే మాటకి మాట తగిలించుకుంటూ పోవాలి. ఇద్దరు మహా తెలివైనవాళ్లు, ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రాణం, ముందు చెప్పినవాళ్లు ఓడిపోయినట్టే అని ఇద్దరికీ పంతం. మొదటి సీజన్‌లో "చెప్పించాలి" అని ఉన్నచోట రెండో సీజన్ పేరు "చెప్పించాలా?" అని అడుగుతోంది. ఆ ప్రశ్న ఊరికే పెట్టింది కాదని చూస్తున్నకొద్దీ మీకే అర్థమవుతుంది.

చేసినవాళ్లు మారారా లేదా చూడండి

ఏ అనిమే రెండో సీజన్‌కి వెళ్తున్నా ఈ ఒక్కటి ముందే తెలుసుకోవడం మంచిది. "ఒరెగైరు" మొదటి సీజన్ 2013లో బ్రెయిన్స్ బేస్ స్టూడియో చేసింది. రెండోది 2015లో ఫీల్ అనే స్టూడియోకి వెళ్లింది. బొమ్మల గీత, రంగులు, ముఖాలు అన్నీ మారాయి. తెలియకుండా వెళ్తే మొదటి అరగంట "వీళ్లు వాళ్లేనా" అనుకుంటూనే గడిచిపోతుంది. "హొరిమియా"ది ఇంకో తీరు. 2021లో వచ్చిన సీజన్ కథని చివరిదాకా తీసుకెళ్లిపోయింది. 2023లో వచ్చింది తరువాతి కథ కాదు, అప్పుడు వదిలేసిన ముక్కలు. దాన్ని కొనసాగింపు అనుకుని కూర్చుంటే నిరాశ తప్పదు, వెనక్కి వెళ్లి జ్ఞాపకాలు తిరగేస్తున్నట్టు చూస్తే చాలా బాగుంటుంది.

కగుయాకి ఈ చిక్కులేవీ లేవు. స్టూడియో అదే ఏ-1 పిక్చర్స్, దర్శకుడు అదే మమోరు హతకెయామా, ప్రధాన గొంతులన్నీ అవే. నిశ్చింతగా వెళ్లండి.

మొదటి సీజన్‌లో ఏం తిరిగి చూడాలి

లెక్క వేద్దాం. 12 ఎపిసోడ్లు, ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. మొత్తం 288 నిమిషాలు, అంటే దగ్గర దగ్గర 5 గంటలు. తీరిక ఉంటే అంతా చూడండి, అంతకన్నా మంచిది లేదు. తీరిక లేకపోతే దయచేసి యూట్యూబ్‌లో "10 నిమిషాల్లో సీజన్ మొత్తం" వీడియోల వైపు మాత్రం వెళ్లొద్దు. నేను ఒకసారి అలా ఒక వీడియో తెరిచి, అది మొదటి సీజన్ గురించే కదా అని చూస్తుంటే, మధ్యలో మూడో సీజన్ ఆఖరి దృశ్యం చూపించేశారు. రెండేళ్లు ఎదురుచూడాల్సిన ఘట్టం అరక్షణంలో చేజారిపోయింది. ఆ బాధ ఇంకా ఉంది.

దానికి బదులు 5 ఎపిసోడ్లు చాలు. రెండు గంటల పని.

మొదటి ఎపిసోడ్ తప్పనిసరి. సినిమా టికెట్ల దగ్గర ఇద్దరూ ఎత్తుకి పైఎత్తు వేసుకుంటూ కూర్చునే ఘట్టం అందులోనే ఉంది. అప్పుడు వాళ్లు ఎంత దూరంలో ఉన్నారో చూస్తేనే తర్వాత ఎంత నడిచారో తెలుస్తుంది. షిరోగానె ఊహల్లో కగుయా ఎగతాళిగా నవ్వి "ఓ కవాయీ కొతో", అంటే "అబ్బో, ఎంత ముద్దుగా ఉన్నారో" అనే మాట కూడా చెవిలో పడనివ్వండి. ఆ మాట ఈ కథకి పల్లవి లాంటిది.

తర్వాత 9, 10. కగుయాకి జలుబు చేసి జ్వరం వస్తుంది, షిరోగానె చూడ్డానికి వాళ్ల బంగళాకి వెళ్తాడు. జ్వరంలో కగుయా చిన్నపిల్ల అయిపోతుంది. ఆ తర్వాతి ఎపిసోడ్‌లో ఇద్దరూ ముఖముఖాలు చూసుకోలేక అలిగి తిరుగుతారు. మొదటి సీజన్‌లో పంతం అనే గోడకి తొలి బీట పడేది ఇక్కడే.

చివరగా 11, 12. వేసవి సెలవులు, కగుయాని ఇల్లు కదలనివ్వని షినోమియా కుటుంబం, పారిపోవడానికి దాసి హయసాకా చేసే సాయం, బాణసంచా. నిజానికి నేను అడిగేది 12వ ఎపిసోడ్ రెండో సగం. చాలామంది బాణసంచా దగ్గరే కథ అయిపోయిందనుకుని గుర్తుపెట్టుకుంటారు. కానీ సెలవుల తర్వాత బడి తెరుస్తారు, మళ్లీ కలుసుకోవడానికి ఇద్దరూ ఎంత సిగ్గుపడతారో అప్పుడు చూడాలి. రెండో సీజన్ సరిగ్గా ఆ సిగ్గులోంచే నడక మొదలుపెడుతుంది.

ఇవి కాక రెండు చిన్న తునకలు ఉన్నాయి. ఒకటి మూడో ఎపిసోడ్ చివర, విద్యార్థి సంఘంలో వీళ్లతో ఉండే ఫుజివారా అనే అమ్మాయి డ్యాన్సు, చూడ్డానికి కారణం అక్కర్లేదు. రెండోది తొలి ఎపిసోడ్లలో ఫోన్ ఐడీలు ఇచ్చిపుచ్చుకునే ఘట్టం. ఇంత ధనవంతుల అమ్మాయి చేతిలో మడతపెట్టే పాత ఫోన్ ఉంటుంది. ఆ ఫోన్‌ని గుర్తుపెట్టుకోండి. ఎందుకో ఇప్పుడు చెప్పను, రెండో సీజన్ ఆఖర్న మీకే తెలుస్తుంది.

పిలుపుల మీద చెవి పెట్టండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే. తెలుగువాళ్లం ఇందులో చాలామంది కన్నా ఒక అడుగు ముందుంటాం కూడా.

మనకి మీరు, నువ్వు ఉన్నాయి. ఒక అబ్బాయి ఒకమ్మాయిని ఇన్నాళ్లూ "మీరు" అని పిలిచి, ఒకరోజు పొరపాటున "నువ్వు" అంటే గదిలో గాలే మారిపోతుందని మనకి ఎవరూ వివరించనక్కర్లేదు. మన అమ్మమ్మల కాలంలో మొగుణ్ణి పేరు పెట్టి పిలవకుండా "ఏమండీ" అనే ఒక్క మాటలో కోపం, ప్రేమ, విసుగు అన్నీ పలికించేవారు. జపనీస్ కూడా అలాంటి భాషే. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఇదంతా జారిపోతుంది.

కాబట్టి సబ్‌టైటిల్స్ చదువుతూనే చెవి జపనీస్ మీద పెట్టండి. కగుయా షిరోగానెని పేరుతో పిలవదు, "కైచో" అంటుంది. విద్యార్థి సంఘం అధ్యక్షుడు కదా, ఆ పదవి పేరు అది. మనం "ప్రెసిడెంటు గారూ" అన్నట్టు. ఆమె మాట తీరు కూడా మర్యాదగా, మనం మీరు అని మాట్లాడేలా ఉంటుంది. షిరోగానె ఆమెని "షినోమియా" అని ఇంటిపేరుతోనే పిలుస్తాడు. ఫుజివారా పాత స్నేహితురాలు కాబట్టి "కగుయా-సాన్" అంటుంది. జూనియర్ ఇషిగామి "షినోమియా-సెంపాయ్" అంటాడు. హయసాకా దాసి కాబట్టి "కగుయా-సామా", అంటే మన "దొరసానిగారు" లాంటి పిలుపు. అదే కగుయా మనసులో అనుకునే మాటలు వినండి, పైకి వినిపించే మర్యాదకీ దీనికీ ఎంత తేడా ఉందో. ఒక్కో పాత్ర నోట ఒక్కో పిలుపు. అంటే ఒక్కొక్కరు కగుయాకి ఎంత దూరంలో నిలబడి ఉన్నారో పేరు పిలవగానే తెలిసిపోతుంది.

అందుకే దీన్ని జపనీస్ ఆడియోలో చూడమంటాను. ఇంగ్లిష్ డబ్ చెడ్డదని కాదు. అందులో కథకుడి గొంతు ఇచ్చిన ఇయన్ సింక్లెయిర్ ప్రాణం పెట్టి చేశాడు. రెండోసారి చూసేటప్పుడు దాన్ని ఆనందించండి. ఈమధ్య కొన్ని అనిమేలు తెలుగు డబ్బింగ్‌తోనూ వస్తున్నాయి. 2025 సెప్టెంబర్‌లో డీమన్ స్లేయర్ సినిమా మన థియేటర్లలో తెలుగులో ఆడింది. ఎప్పుడైనా ఇలాంటి ప్రేమకథకి మంచి తెలుగు డబ్బింగ్ దొరికి, మీరు నుంచి నువ్వుకి మారే క్షణాన్ని రాసేవాళ్లు సరిగ్గా పట్టుకుంటే, ఇంగ్లిష్‌కి అందనిది తెలుగుకి అందుతుందని నా గట్టి నమ్మకం.

చంద్రుడి కథ ఒకటి తెలిసి ఉండాలి

రెండో సీజన్ తొలి భాగంలో అందరూ కలిసి వెన్నెల చూసే రాత్రి ఒకటి వస్తుంది. దాని అందం పూర్తిగా అందాలంటే ఒక పాత జపాన్ కథ తెలియాలి. వెదురు కొట్టుకునే ముసలాయనకి వెదురు బొంగులో వెలుగుతున్న చిట్టి పాప దొరుకుతుంది. ఆమె పేరు కగుయా. పెరిగి పెద్దదై మహా అందగత్తె అవుతుంది. పెళ్లాడతామని వచ్చిన ఐదుగురు గొప్పవాళ్లకి సాధ్యంకాని పరీక్షలు పెట్టి పంపేస్తుంది. చివరికి తను చంద్రలోకానికి చెందినదని తేలి, అందరినీ ఏడిపించి పైకి వెళ్లిపోతుంది. మన కథానాయిక పేరు అక్కడిదే. షిరోగానెకి నక్షత్రాలంటే పిచ్చి. ఈ రెండూ తెలిశాక ఆ రాత్రి అతను మాట్లాడే మాటలు వినండి. అంతే చెబుతాను.

రోజుకి ఎన్ని?

ఒక్క రాత్రిలో 12 లాగించొద్దు. ఈ అనిమే కట్టుబడి వేరు. ఒక్కో ఎపిసోడ్‌లో మామూలుగా మూడు చిన్న కథలుంటాయి. చాలా కథల చివర కథకుడు "ఈ రోజు గెలుపోటములు" అని తీర్పు చెబుతాడు. కగుయా ఓడింది, షిరోగానె ఓడాడు, ఒక్కోసారి ఇద్దరూ ఓడారు. ఆ తీర్పు విన్నాక రెండు క్షణాలు నవ్వుకోవడానికి ఖాళీ కావాలి. వరసగా ఐదారు ఎపిసోడ్లు చూస్తే నవ్వు అలవాటైపోయి, ఎత్తులు పైఎత్తులన్నీ ఒకేలా అనిపిస్తాయి. నాకైతే రోజుకి రెండు సరైన మోతాదు. రాత్రి భోజనమయ్యాక ఒకటి, పడుకునేముందు ఒకటి. ఆరు రోజుల్లో అయిపోతుంది.

రెండు చోట్ల మాత్రం ఈ లెక్క పక్కన పెట్టండి. సీజన్ మధ్యలో విద్యార్థి సంఘం ఎన్నికలు వస్తాయి. ఇయినో మికో అనే కొత్తమ్మాయి పోటీకి దిగుతుంది. ఆ ఎన్నికల ఘట్టాన్ని మధ్యలో ఆపకుండా ఒకే ఊపులో చూడండి. ఒక మనిషిని ఓడిస్తూ కూడా ఎలా కాపాడొచ్చో అక్కడ షిరోగానె చూపిస్తాడు. ఆ ప్రసంగం చూశాక కగుయా ఈ అబ్బాయిని ఎందుకు ప్రేమించిందో అడగాల్సిన పని ఉండదు.

రెండోది 11వ ఎపిసోడ్. ఆటల పోటీల రోజు, ఇషిగామి గతం బయటికొచ్చే ఎపిసోడ్. ఆ పూట అదొక్కటే చూడండి. మొదటి సీజన్‌లో మూలన కూర్చుని కంప్యూటర్‌లో లెక్కలు చూసుకుంటూ, అందర్నీ సణుక్కునే కుర్రాడు అతను. నవ్వుల కథ అని కూర్చున్నవాళ్లం ఇక్కడ కళ్లు తుడుచుకుంటాం. దాని తర్వాత వెంటనే ఇంకో ఎపిసోడ్ నొక్కడం అన్యాయం.

పాటల్ని దాటేయకండి

ఎపిసోడ్ మొదట్లో వచ్చే ఓపెనింగ్ పాట కనీసం మొదటి మూడు సార్లు వినండి. పాడింది మసాయుకి సుజుకి. 1956లో పుట్టిన మనిషి, 1980లో సంగీత ప్రపంచంలోకి వచ్చాడు. జపాన్‌లో ఆయనకి ప్రేమ పాటల రాజు అని పేరు. అరవై దాటిన ఆ గొంతు చేత పదిహేడేళ్ల పిల్లల పంతాల కథకి పాడించాలనే ఆలోచన ఎవరికొచ్చిందో గానీ, వాళ్లకి దండం పెట్టాలి. బాలు గారి చేత కాలేజీ పిల్లల తొలిప్రేమకి పాడిస్తే ఆ ప్రేమకి ఎక్కడలేని బరువు వచ్చేది చూడండి, అలాగన్నమాట. రెండో సీజన్ పాట పేరు "డాడీ! డాడీ! డూ!", ఐరి సుజుకి తోడు పాడింది. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, చుట్టరికం మాత్రం లేదు.

ఇప్పుడే ప్రసారమవుతున్న సీజన్ అయితే

కగుయా రెండో సీజన్ అంతా వచ్చేసింది కాబట్టి మీకీ చిక్కు లేదు. కానీ మీరు వేరే అనిమే రెండో సీజన్ కోసం వారం వారం కాచుకుని ఉంటే గడియారం లెక్క తెలియాలి. జపాన్ మనకన్నా మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ శనివారం రాత్రి 11:30 అంటే మనకి అదే రోజు రాత్రి 8. జపాన్ టీవీ పట్టికల్లో 25:00 అని కనిపిస్తే కంగారు పడకండి. అర్ధరాత్రి దాటినా రోజు మార్చకుండా లెక్క పెట్టే పద్ధతి అది. 25:00 అంటే తెల్లవారితే వచ్చే రోజు 1 గంట, మనకి రాత్రి 9:30. అమెరికా తూర్పు తీరంలో ఉన్న మనవాళ్లకైతే వేసవిలో 13 గంటల తేడా, చలికాలంలో 14. స్ట్రీమింగ్‌లో ఎపిసోడ్ వచ్చే సమయం టీవీ సమయం కన్నా కాస్త అటూఇటూ ఉండొచ్చు. ఆ యాప్‌లోనే చూసుకోండి.

నేను కగుయా రెండో సీజన్‌ని అలాగే వారం వారం చూశాను. 2020 ఏప్రిల్, లాక్‌డౌన్ రోజులు. ఆ వసంతంలో రావాల్సిన అనిమేలు చాలా వాయిదా పడ్డాయి. ఏప్రిల్‌లో రావాల్సిన ఒరెగైరు మూడో సీజన్ జూలైకి వెళ్లిపోయింది. కగుయా మాత్రం ఏప్రిల్‌లో మొదలై జూన్‌లో పూర్తయింది. బయట రోడ్డు మీద మనిషి అలికిడి లేదు, ఇంట్లో నేనూ మా చెల్లీ వారానికొకసారి ఆ 24 నిమిషాల కోసం ఎదురుచూసేవాళ్లం. ఎపిసోడ్ అయ్యాక గెలుపోటముల మీద వాదించుకునేవాళ్లం. తను ప్రతిసారీ కగుయా పక్షం. మొదటి సీజన్‌ని మీతో కలిసి చూసినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకి ఒక్క మెసేజ్ పెట్టండి. వేరే ఊళ్లో ఉన్నా ఫర్లేదు, రోజూ ఒకే ఎపిసోడ్ చూసి రాత్రికి మాట్లాడుకోవచ్చు.

అయిపోయాక ఎటు?

వెంటనే మాంగా, అంటే ఈ అనిమేకి మూలమైన బొమ్మల కథల పుస్తకాల మీదికి దూకాలనిపిస్తుంది. అకా అకసాకా గీసిన ఈ మాంగా 2022 నవంబర్‌లో ముగిసింది, మొత్తం 28 సంపుటాలు. అనిమేలో అధ్యాయాల వరస అక్కడక్కడ మార్చారు, కొన్ని వదిలేశారు. అందుకని సీజన్ ఆగినచోటు వెతుక్కుని అక్కణ్నుంచి చదివితే కొన్ని ముత్యాలు పోతాయి. ఓపిక ఉంటే మొదటి సంపుటం నుంచే చదవండి.

నన్నడిగితే ముందు మూడో సీజన్ చూడండి. దాని తర్వాత 2022 డిసెంబర్‌లో జపాన్ థియేటర్లలో విడుదలైన సినిమా ఒకటి ఉంది, తొలిముద్దు గురించి. ఆ రెండిటి వరస మాత్రం తప్పొద్దు, ముందు సీజన్, ఆ తర్వాతే సినిమా. మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ రోజు ఇంట్లో ఎవరూ పిలవకుండా, ఫోన్ పక్క గదిలో పెట్టి కూర్చోండి.